రేడియేటర్‌లో పసుపు

పాత బండి కొంటున్నామని చెప్తే అందరూ ముందు ఇంజిన్ ఎట్లా ఉందని అడుగుతారు. ఆ తర్వాత టైర్లు, బ్యాటరీ, కాగితాలు. నీళ్ల సంగతి ఎవరూ అడగరు. మా నాన్న 31 ఏళ్లు బస్సు నడిపినవాడు కాబట్టి ముందు అదే చూశాడు. ఖమ్మంలో ఒకాయన దగ్గర ఆ వ్యాన్ చూడ్డానికి వెళ్లినప్పుడు, ఇంజిన్ చల్లగా ఉండగానే రేడియేటర్ మూత తీయించి లోపలికి వేలు పెట్టాడు. వేలికి ఇటుక రంగు బురద అంటింది. "దీనికి జన్మంతా బోరు నీళ్లే తాగించినట్టున్నారు" అన్నాడు. ఆ బురద చూపించి ధర కొంత తగ్గించాడు. "నడుస్తోంది కదా, రేడియేటర్ సంగతి ఎండాకాలం లోపు చూద్దాంలే" అంటూ కొనేశాడు.

"చూద్దాంలే" అన్న మాట మా ఇంట్లో చాలా పనులకు సరిపోతుంది. గోడ మీద చెమ్మకు, మేడ మీద ట్యాంకు మూతకు, అమ్మ మోకాళ్లకు.

వ్యాన్ కొన్నది అసలు ఆ మోకాళ్ల కోసమే. అమ్మ బస్సు మెట్లెక్కలేదు. కింద కూర్చోలేదు. ఊరు దాటి వెళ్లాలంటే ఆమె అడిగే మొదటి ప్రశ్న, "అక్కడ కుర్చీ బాత్రూమ్ ఉందా?" సత్రాల్లో ఉండదు, ఉన్నా మెట్ల పైన ఉంటుంది. అందుకని నాన్న 2006 మోడల్ పన్నెండు సీట్ల డీజిల్ వ్యాన్ ఒకటి తీసుకుని, వెనక సీట్లు పీకించి, ప్లైవుడ్ మంచం వేయించాడు. మంచం కింద అరలు, పక్కన ఒక గ్యాస్ స్టవ్, 50 లీటర్ల నీళ్ల డ్రమ్ము, మూలన తెర వెనక కమోడ్ కుర్చీ. బెంగళూరులో ఉండే మా అన్నయ్య ఫొటోలు చూసి "అరణ్యవాసం బండి" అని పేరు పెట్టాడు. వెక్కిరింపే అయినా పేరు సరిగ్గానే కుదిరింది. ఎందుకంటే ఆ బండి వెళ్లాల్సిన మొదటి ఊరు పర్ణశాల.

పర్ణశాల భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల ఎగువన, దుమ్ముగూడెం మండలంలో, గోదావరి ఒడ్డున ఉంటుంది. సీతారామ లక్ష్మణులు ఆకులతో గుడిసె కట్టుకుని ఉన్నది ఇక్కడేనని మనవాళ్లంటారు. నాసిక్ వాళ్లు కాదు మా పంచవటి అంటారు. ఆ తగువు నాకొద్దు. అమ్మ ఆ ఊరిని ఒక్కసారే చూసింది, పెళ్లికి ముందు, వాళ్ల మేనత్తతో. పెళ్లయ్యాక చూడలేదు. బస్సు డ్రైవరు భార్య కదా, రోజూ భద్రాచలం వెళ్లే బస్సు ఇంట్లోనే ఉన్నట్టే కదా అనుకుంటాం. కానీ శ్రీరామనవమికి ఊళ్లన్నీ భద్రాచలం వైపు కదులుతాయి, స్పెషల్ బస్సులు పడతాయి, డ్రైవర్లకు అదే అసలైన సీజను. 31 నవములు నాన్న జనాన్ని కల్యాణానికి దింపి, ఆ మంత్రాలు మైకులో వింటూ బస్సు కింద నీడలో పడుకున్నాడు. అమ్మ టీవీలో చూసింది.

2024లో నవమి ఏప్రిల్ 17న వచ్చింది. అప్పటికి ఎండ ఎట్లా ఉంటుందో ఆ వైపు వాళ్లకి చెప్పనక్కర్లేదు. కొత్తగూడెం, మణుగూరు, భద్రాచలం, అదంతా బొగ్గు నేల; ఏప్రిల్లో మధ్యాహ్నం బయటికొస్తే పొయ్యి మూత తీసినట్టుంటుంది. ఆ ఎండలో, బీపీ మాత్రలు వేసుకునే మనిషిని 18 ఏళ్ల బండిలో ఎక్కించుకుని అడవి రోడ్డు మీద వెళ్లడమేంటని అన్నయ్య ఫోన్లో గట్టిగానే అడిగాడు. "కారు బుక్ చేస్తాను, ఏసీలో పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయండి" అన్నాడు. నాన్న సమాధానం చెప్పకుండా ఫోన్ నాకిచ్చేశాడు. మర్నాడు "మనిద్దరం ముందొకసారి వెళ్లొద్దాం అమ్మాయ్, బండి సంగతి తెలుస్తది" అన్నాడు. ఫిబ్రవరి చివరి వారం, నేను హైదరాబాద్ నుంచి సెలవు పెట్టుకుని ఖమ్మం వచ్చాను.

పాల్వంచ దాకా ముల్లు మధ్యలోనే ఉంది. అక్కడ రోడ్డు మీంచి పాత థర్మల్ స్టేషన్ కూలింగ్ టవర్లు కనిపించేవి, నడుము సన్నగా ఉన్న ఎనిమిది పెద్ద పెద్ద బానలు. అప్పటికే ఆ ప్లాంటు ఆగిపోయి కొన్నేళ్లయింది. వాటిలోంచి ఆవిరి రావడం నా చిన్నప్పటి జ్ఞాపకం. నాన్న వాటిని చూపించి, "మన బండి ముందర ఉన్నదీ అదే, చిన్నది" అన్నాడు. ఆలోచిస్తే పోలిక పూర్తిగా సరైంది కాదు గానీ, పని ఒకటే. ఇంజిన్లో మనం కాల్చిన డీజిల్ శక్తిలో సుమారు మూడో వంతే చక్రాలకు చేరుతుంది. ఇంకో వంతు పొగగొట్టంలోంచి పోతుంది. మిగతాది ఇనుములో వేడిగా నిలుస్తుంది. ఆ వేడిని నీళ్లు మోసుకుని పై హోస్‌లోంచి రేడియేటర్లోకి తెస్తాయి, సన్నటి గొట్టాల్లో కిందికి దిగుతూ గాలికి ఇచ్చేస్తాయి, చల్లబడి కింది హోస్‌లోంచి మళ్లీ ఇంజిన్లోకి వెళ్తాయి. టవర్లో కొన్ని నీళ్లు ఆవిరై పోతూ మిగతావాటిని చల్లబరుస్తాయి. రేడియేటర్లో నీళ్లు బయటికి పోవు, అవే తిరుగుతుంటాయి. 1900 ప్రాంతంలో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ తేనెపట్టులాంటి రేడియేటర్ చేశాక ఈ పని కుదురుకుంది. అప్పటి నుంచీ కార్ల వేగం పెరుగుతూ వచ్చిందంటే అందులో ఈ జల్లెడ వాటా పెద్దదే. పేరు మాత్రం ఇంజిన్‌కే వచ్చింది.

భద్రాచలం వంతెన దాటి, చర్ల రోడ్డు పట్టాం. రెండు వైపులా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. దుమ్ముగూడెం దాటాక రోడ్డు చిన్న చిన్న ఎత్తులెక్కుతుంది. పర్ణశాల ఇంకో నాలుగైదు కిలోమీటర్లుందనగా లోపలికి ఒక తియ్యటి వాసన వచ్చింది, బెల్లం పాకం మాడబోతున్నప్పటి వాసన లాంటిది. నేను ముల్లు వైపు చూసేలోగానే నాన్న బండి పక్కకు తీశాడు. ఆయన ముల్లు చూడలేదు. ముక్కుతో నడిపాడు.

బానెట్ సందుల్లోంచి ఆవిరి. నేను దిగి మూత వైపు వెళ్లబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన కుడి ముంజేతి మీద అరచేయంత వెలిసిన మచ్చ ఒకటుంది. చిన్నప్పుడు అడిగితే "బస్సు ముద్దు పెట్టింది" అనేవాడు. రేడియేటర్ మూత ఊరికే మూత కాదు. లోపల ఒత్తిడిని నిలబెట్టే స్ప్రింగు దాన్లో ఉంటుంది. ఆ ఒత్తిడి వల్లే నీళ్లు నూరు డిగ్రీల దగ్గర మరగకుండా దాదాపు 120 దాకా ఆగుతాయి. వేడి మీద మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పోయి, అప్పటిదాకా మరగని నీళ్లు అదే క్షణంలో ఆవిరై మొహానికి తగులుతాయి. నలభై నిమిషాలు చింతచెట్టు కింద కూర్చున్నాం. నాన్న ఆ కాసేపూ ఏమీ మాట్లాడలేదు. నాకు మాత్రం అన్నయ్య గొంతు వినిపిస్తూనే ఉంది: "ఇదే ఏప్రిల్లో, అమ్మ లోపల ఉండగా జరిగితే?"

చల్లారాక చూస్తే రెండు గాయాలు. పై హోస్ క్లిప్పు పక్కన అంగుళం పొడవున చిట్లింది. రేడియేటర్ గొట్టాల మధ్య ఒకచోట సూదిమొనంత రంధ్రంలోంచి నీరు ఊరుతోంది. నాన్న డిక్కీలోంచి పాత సైకిల్ ట్యూబు తీసి, పొడుగ్గా పట్టీల్లా కోసి, హోస్ చుట్టూ సాగదీసి సాగదీసి చుట్టాడు. కట్టు కట్టినట్టు. దగ్గర్లోని కోయగూడెంలో బోరింగు దగ్గర రెండు క్యాన్లు నింపుకోమని ఒకావిడ తనే హ్యాండిల్ కొట్టింది. "ఇక రంధ్రం సంగతి?" అన్నాను. "నువ్వు పోయి పసుపు తే" అన్నాడు.

పర్ణశాల గుడి ముందు కొట్లలో పసుపు కుంకుమ పొట్లాలకు కొదవ లేదు. అక్కడి సీతమ్మ వాగులో రాళ్ల మీద పసుపు, ఎరుపు చారలుంటాయి. సీతమ్మ పసుపు కుంకుమ నూరుకున్నది ఆ రాళ్ల మీదేనని, పక్కన గీతల్లా కనిపించేవి నారచీరలు ఆరేసిన గుర్తులని చూపిస్తారు. అటుగా పోతున్న ఆటో ఎక్కి వెళ్లి మూడు పొట్లాలు కొన్నాను. కొట్టు ఆమె "పూజకా అమ్మా, ముత్తయిదువలకు పంచడానికా?" అని అడిగింది. "బండికి" అన్నాను. ఆమె ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "అయితే మెత్తటిది తీసుకో" అని ఇంకో డబ్బాలోంచి ఇచ్చింది.

ఇది మన రోడ్ల మీద పాత వైద్యం. పసుపు పొడి నీళ్లతో తిరిగి తిరిగి, నీరు ఎక్కడ బయటికి కారుతుంటే అక్కడికి చేరి, ఉబ్బి, ఆ సందులో ఇరుక్కుంటుంది. చిన్న రంధ్రమైతే ఆగుతుంది. హోస్ చిట్లితే ఆగదు, అందుకే ట్యూబు. నాన్న ఇంకో పని కూడా చేశాడు. మూతను పూర్తిగా బిగించకుండా మొదటి గాడి దగ్గరే వదిలాడు. ఒత్తిడి నిలవదు, కాబట్టి కట్టు మీద భారం పడదు. కానీ నీళ్లు నూరు దగ్గరే మరుగుతాయి, కాబట్టి నెమ్మదిగా పోవాలి. ఆ ముప్ఫై కిలోమీటర్ల చిల్లర రెండున్నర గంటల్లో వచ్చాం. ఆరుసార్లు ఆగి నీళ్లు పోశాం. పసుపు పట్టుకుంది.

భద్రాచలంలో రేడియేటర్ పని చేసే షెడ్డు అడిగి పట్టుకున్నాం. షాపాయనకు అరవై దాటి ఉంటాయి. డ్రెయిన్ తిప్పగానే తొట్టిలోకి పచ్చటి నీళ్లు పడ్డాయి. ఆయన తల పట్టుకుని, "మళ్లీ పసుపేనా! మీ డ్రైవర్లు పోస్తారు, మేం కడుక్కుంటూ కూర్చోవాలి" అన్నాడు. "అది పొయ్యకపోతే నీ దాకా ఎట్లా వస్తాం తమ్ముడూ" అన్నాడు నాన్న. ఇద్దరూ నవ్వుకున్నారు. అక్కడి నుంచి పని పూర్తయ్యేదాకా వాళ్లిద్దరూ ఒక జట్టు, నేను స్పానర్లు అందించే మనిషిని.

రేడియేటర్ దింపాక ఆయన మంట పెట్టి మాటు కరిగించి పై ట్యాంకు విప్పాడు. లోపల వరసగా గొట్టాల నోళ్లు కనిపించాయి. వాటిల్లో సగానికి సగం తెల్లగా మూసుకుపోయాయి. ఇంట్లో వేణ్ణీళ్లు కాచే గుండిగ అడుగున పట్టే సున్నం తెలుసు కదా, అదే. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం వేడికి విడిపోయి పొరలు పొరలుగా అతుక్కుంటాయి. గొట్టం సన్నదైతే మూసుకుపోతుంది. సున్నం వేడిని సరిగ్గా పోనివ్వదు కూడా. బయట జాలీని వేలితో రాస్తే రేకులు పొడిలా రాలాయి. ఇన్నాళ్లూ బండి నడిచిందంటే తెరిచి ఉన్న ఆ సగం గొట్టాలు రెండింతల పని చేయడం వల్లే. ఫిబ్రవరి దాకా అవి సరిపోయాయి. ఏప్రిల్‌కు సరిపోయేవి కావు.

"సువ్వలు పెట్టి గీకినా లాభం లేదు సార్. జాలీ మార్చాలి, లేదంటే రేడియేటరే మార్చాలి" అన్నాడాయన. కొత్తగా దొరికేవి అల్యూమినియంవి, పైనా కిందా ప్లాస్టిక్ ట్యాంకులు. తేలిక, ధర తక్కువ. పాతది రాగి, ఇత్తడి. ఫోన్లో అన్నయ్య అల్యూమినియమే మేలన్నాడు. రాగి వేడిని ఎక్కువ తొందరగా పోనిస్తుందన్నది నిజమే గానీ, అల్యూమినియం గొట్టాలు వెడల్పుగా చేస్తారు, మధ్యలో సీసం మాటు ఉండదు, కాబట్టి చివరికి చల్లబరచడంలో తేడా రాదని లెక్క చెప్పాడు. లెక్క సరైందే. నాన్న ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, రాగిదే వేయమన్నాడు. "అల్యూమినియం పగిలితే పారెయ్యాలి. ఇదైతే ఏ ఊళ్లో ఆగినా మాటేసేవాడు దొరుకుతడు."

షాపాయన అప్పటిదాకా మంటను చూస్తూ ఉన్నవాడు తల ఎత్తాడు. "దొరికేవాడు సార్. ఇప్పుడు ఈ పని చేసేవాళ్లు ఎంతమంది ఉన్నరు? మా వాడు ఏసీలు బిగిస్తున్నడు. మంచిగనే సంపాదిస్తున్నడు. ఈ పొగలోకి రమ్మని నేనే అనలేదు."

కాసేపు ఎవరం ఏమీ అనలేదు. మరమ్మతు చేయగలగడం లోహంలో ఉండే గుణమని నేనూ అనుకునేదాన్ని. అది లోహంలో సగమే ఉంది, మిగతా సగం రోడ్డు పక్కన షెడ్డులో ఉంది. నాన్న నమ్మకం ఆయన నడిపిన కాలం నాటి రోడ్ల మీద. ఆ రోడ్ల మీద ప్రతి మండల కేంద్రంలో ఒక మాటు మంట వెలిగేది. అయినా నాన్న మాట మార్చుకోలేదు. "నువ్వున్నవు కదా ఇప్పటికి" అన్నాడు. ఆయన కొత్త రాగి జాలీ తెప్పించడానికి ఒప్పుకున్నాడు.

ఇక హోస్‌లు. చిట్లింది పై హోస్ ఒక్కటే. కింది హోస్ బయటికి నల్లగా, గట్టిగా, బాగానే ఉంది. షాపాయన దాన్ని విప్పి నా చేతిలో పెట్టి నొక్కమన్నాడు. నొక్కితే లోపల ఏదో కరకరలాడింది. కింది హోస్ మీద పంపు లాగే ఒత్తిడి ఉంటుంది, అందుకని అది చప్పిడిలిపోకుండా లోపల తీగ స్ప్రింగు పెడతారు. ఆ స్ప్రింగు తుప్పు పట్టి ముక్కలైపోయింది. హోస్ లోపలి రబ్బరు పొలుసులు పొలుసులుగా లేచింది. వేగం మీద పోతున్నప్పుడు అది లోపలికి ముడుచుకుని నీళ్ల దారి మూసేస్తుంది. ఆగగానే మళ్లీ సాగి మామూలుగా కనిపిస్తుంది. అంటే ఆగి చూసినప్పుడల్లా ఏ జబ్బూ కనబడదన్నమాట. రబ్బరు బయటి నుంచి ఎండకు పాడవుతుందని అనుకుంటాం. ఎక్కువగా లోపలి నుంచే పోతుంది, వేడి నీళ్లు తగిలే వైపు నుంచి.

మీటర్ల లెక్కన అమ్మే తిన్నటి రబ్బరు పైపు భద్రాచలంలోనే దొరుకుతుంది. కానీ దాన్ని వంపులో వంచితే మధ్యలో నొక్కుకుపోతుంది. వంపుతోనే పోత పోసిన హోస్‌లు కావాలి. విజయవాడ ఆటోనగర్‌లో నాన్నకు తెలిసిన కొట్టుకు ఫోన్ చేసి పై హోస్, కింది హోస్, బైపాస్ హోస్, హీటర్‌కు వెళ్లే రెండు సన్నవి, పది క్లిప్పులు, ఫ్యాన్ బెల్టు బస్సు పార్శిల్లో వేయమన్నాం. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసింది. వ్యాన్లో మంచం మీద ఫోన్ స్పీకర్లో పెట్టి నాన్న జరిగిందంతా చెప్పాడు.

"చిట్లింది ఒకటే అన్నారుగా, అన్నీ ఎందుకు మార్చడం?" అంది అమ్మ.

"అన్నీ ఒకే వయసువి. ఒకటి పోయిందంటే రెండోది కూడా దారిలో ఉన్నట్టే. బయటికి తెలవదంతే. విప్పినప్పుడే రెండూ మార్చుకోవాలి" అన్నాడు నాన్న.

అవతల కొంచెంసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత అమ్మ చాలా మామూలుగా అంది. "నా మోకాళ్ల గురించి డాక్టరు కూడా అచ్చం ఇదే చెప్పాడు. పోయినేడు దసరా ముందు. మీరు చూద్దాంలే అన్నారు."

బయట గోదావరి వైపు నుంచి గాలి వస్తోంది. నాన్న ఫోన్ వైపు చూస్తూ ఉండిపోయాడు. "నడుస్తున్నావు కదా అనుకున్నా" అన్నాడు చివరికి. "నడుస్తూనే ఉన్నాను" అంది అమ్మ, "మీకు కనబడేటప్పుడు." ఆ తర్వాత అన్నం తిన్నారా అని అడిగి పెట్టేసింది.

అమ్మ కోపంగా అనలేదు. నన్ను పట్టుకున్నది అదే. ఇంట్లో పుట్టే వేడినంతా ఇన్నేళ్లుగా ఎవరు ఎక్కడికి మోసుకెళ్లి వదిలారో మేం ముగ్గురం ఎప్పుడూ అడగలేదు. ముల్లు మధ్యలోనే ఉంది కదా అనుకున్నాం.

మర్నాడు పార్శిల్ వచ్చేలోపు ఇంకో సంగతి బయటపడింది. థర్మోస్టాట్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. బండి పాత మనుషులెవరో "మన ఎండలకు వాల్వ్ ఎందుకు" అని పీకేశారు. ఇది చాలా షెడ్లలో చెప్పే సలహా. థర్మోస్టాట్ అంటే ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్ వైపు పోనివ్వని తలుపు. తీసేస్తే ఇంజిన్ ఎప్పుడూ చల్లగా ఉంటుందని అనుకుంటారు. కానీ ఇలాంటి ఇంజిన్లలో అదే తలుపు పూర్తిగా తెరుచుకున్నప్పుడు బైపాస్ దారిని మూస్తుంది. తలుపే లేకపోతే వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే అడ్డదారిన ఇంజిన్లోకి తిరిగొస్తుంది. చల్లటి పొద్దున డీజిల్ ఎక్కువ తాగుతుంది, మండే మధ్యాహ్నం వేడెక్కుతుంది. రెండు విధాలా నష్టం.

కొత్తది కొన్నాం. దాని మీద 82 అని చెక్కి ఉంది, ఆ డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. బిగించే ముందు పరీక్షించాలని నాన్న పట్టుపట్టాడు. వ్యాన్ స్టవ్ మీద టీ గిన్నెలో నీళ్లు పెట్టి, దారం కట్టి దాన్ని వేలాడదీశాం. అడుగున చిన్న చిన్న బుడగలు లేచాక, నీళ్లు ఇంకా కళపెళ మరగకముందే, ఆ ఇత్తడి కన్ను మెల్లగా తెరుచుకుంది. లోపలున్న మైనం కరిగి ఉబ్బి స్ప్రింగును తోస్తుంది, అంతే యంత్రం. తీసి పక్కన పెడితే మళ్లీ మూసుకుంది. నాన్న దాన్ని మూడుసార్లు చేసి చూశాడు. మూడోసారి పని కోసం కాదని నాకు తెలుసు.

మూడో రోజు బిగింపు. హోస్ లోపలి అంచుకు కాస్త సబ్బు నీళ్లు రాస్తే జారి ఎక్కుతుంది. గొట్టం చివర ఉబ్బుగా ఉండే గట్టు దాటాక క్లిప్పు పడాలి, గట్టు మీద పడితే జారిపోతుంది. క్లిప్పును బలమంతా పెట్టి తిప్పితే రబ్బరు తెగుతుంది. బండి ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ అరచుట్టు బిగించాలి. ఈ మూడు మాటలూ షాపాయన చెప్పాడు, కింది హోస్ మాత్రం నాతో బిగింపించాడు. "మేడమ్‌కు రావాలె సార్, మీరెన్నాళ్లు వంగుతరు బండి కిందికి" అన్నాడు. నాన్న ఏమీ అనకుండా టార్చి పట్టుకున్నాడు.

నీళ్లు పోయడం కూడా ఒక పనే. ఈసారి బోరు నీళ్లు కాదు. పెట్రోలు బంకులో బ్యాటరీలకు అమ్మే శుద్ధి చేసిన నీళ్లు సగం, కూలెంట్ సగం. కూలెంట్ చలిదేశాల కోసం పుట్టిందే, నీళ్లు గడ్డకట్టకుండా. మనకు అది వేరేలా ఉపయోగం: మరిగే హద్దును ఇంకొంచెం పైకి జరుపుతుంది, లోపల తుప్పు పట్టనివ్వదు, పంపు అరగనివ్వదు. ఒకటే ప్రమాదం, అది తియ్యగా ఉంటుంది, విషం. తొట్టిలో తీసిన పాత నీళ్ల దగ్గరికి ఒక దూడ వాసన చూస్తూ వచ్చింది. షాపాయన దాన్ని అదిలించి తొట్టి మీద రేకు కప్పాడు. కుక్కలు, దూడలు అది తాగితే కిడ్నీలు పోతాయి, రోడ్డు పక్కన ఒంపేయకూడదు.

ముందు చక్రాలు ఎత్తు మీదికెక్కించి, మూత తీసి, హీటర్ పూర్తిగా తిప్పి ఇంజిన్ నడిపించాం. లోపల చిక్కుకున్న గాలి బుడగలు బుడగలుగా పైకొచ్చింది. ఆ గాలి మిగిలిపోతే ఎన్ని కొత్త సామాన్లు వేసినా ఒకచోట నీరు తగలక ఇంజిన్ కాలుతుంది. ఇరవై నిమిషాలు అలా నడిచాక పై హోస్ పట్టుకుని చూశాను. చల్లగా ఉంది, చల్లగానే ఉంది, ఒక్కసారిగా చెయ్యి తీసేసుకునేంత వేడెక్కింది. తలుపు తెరుచుకుందన్నమాట.

ఏప్రిల్ 16న అమ్మను ఎక్కించుకుని బయల్దేరాం. వ్యాన్ మెట్టు ముందు నాన్న ఒక చెక్క పీట వేశాడు. పాల్వంచలో ఎనిమిది టవర్లూ ఎండలో తెల్లగా నిలబడి ఉన్నాయి. ఆ ఆగస్టు 5న వాటిని పేల్చి కూల్చేశారు, కొన్ని క్షణాల్లో. అప్పటికి మాకది తెలియదు. నవమి నాడు భద్రాచలంలో మిథిలా స్టేడియం దరిదాపుల్లోకి బండి వెళ్లే ప్రశ్నే లేదు. దూరంగా చెట్టు కింద ఆపుకుని, వెనక తలుపులు తెరిచి, ముగ్గురం మంచం మీద కూర్చుని కల్యాణం మైకులో విన్నాం. జీలకర్ర బెల్లం ముహూర్తం అని మైకులో వినిపించినప్పుడు అమ్మ దండం పెట్టుకుంది. నాన్న ఎప్పటిలాగే విన్నాడు, కానీ ఈసారి బస్సు కింద కాదు.

పర్ణశాలకు మర్నాడు వెళ్లాం. దుమ్ముగూడెం దాటాక చెట్ల కింద ఇప్పపూలు రాలి ఉన్నాయి, కోయ ఆడవాళ్లు పొద్దున్నే గంపల్లోకి ఏరుతున్నారు. బయట ఎండ మండుతోంది. ముల్లు మధ్యలో నిలబడింది, ఎత్తులెక్కినప్పుడు కూడా వెంట్రుకవాసి కదల్లేదు. బంగారు లేడి, సన్యాసి వేషంలో రావణుడు, అన్ని బొమ్మలూ అమ్మ కుర్చీలో కూర్చునే చూసింది. వాగు దాకా మెట్లు దిగలేనంది. నేను దిగి రాళ్ల ఫొటోలు తీసి చూపించాను. "రంగు తగ్గింది" అంది. ఏటా వరదకు ఆ రాళ్లు మునుగుతాయి, తగ్గదా మరి. కొట్టు దగ్గర రెండు పసుపు పొట్లాలు కొంది. ఒకటి ఇంటికి, ఇంకోటి నాన్న చేతికి. "దగ్గర పెట్టుకోండి. వాడాల్సిన దాకా రానివ్వకండి" అంది.

జూన్‌లో అమ్మ కుడి మోకాలికి ఆపరేషన్ అయింది, కోలుకున్నాక ఎడమదానికి. మొదటిదానికి ముందు డాక్టరు కీలు నమూనా టేబుల్ మీద పెట్టి, ఏ లోహం, ఏ ప్లాస్టిక్, ఎక్కడ ఏది రాసుకుంటుందో వివరించాడు. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ వంచి, చాలా సేపు చూశాడు. "ఎన్నాళ్లు వస్తుందండీ ఇది?" అని అడిగాడు.

"పదిహేను, ఇరవై ఏళ్లు ఎక్కడికీ పోదు" అన్నాడు డాక్టరు.

నాన్న లెక్క వేసుకుంటున్నట్టు అమ్మ వైపు చూశాడు. అమ్మ పర్సు సర్దుకుంటూ, "చాలు. మీ బండికంటే ఎక్కువే" అంది.